మేకలతో ఒక్కసారి కూడా గెలవలేకపోతున్నాను

సందేహి: పొద్దుటి నుంచి పులి-మేక నేర్చుకుంటూ తల పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది ఆటలు ఆడితే తొమ్మిదీ పోయాయి. మేకను ఎక్కడ పెట్టినా పులి దూకేస్తోంది. అసలు ఈ ఆటలో మేకలకు గెలుపు రాసిపెట్టి ఉందా?

పాతబండ: ముందు పేరు సంగతి చూద్దాం. దీన్ని పులిజూదం అంటారు. జూదం అన్నంత మాత్రాన డబ్బు పందెం అనుకోవద్దు. గుడి మండపాల్లో బండల మీద ఈ పటం చెక్కి ఉంటుంది. త్రిభుజం, దాని మీద అడ్డగీతలు, 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు. పేరే సరిగ్గా తెలియకపోతే ఆట ఎలా వస్తుంది?

పొడిమాట: ముందు కింది వరుస నింపండి.

సందేహి: కింది వరుస ఏది? నాలుగు వైపులా ఒకేలా ఉంది. త్రిభుజం ఎక్కడా లేదు. నాలుగు పులులూ నాలుగు మూలల్లో ఉంటాయి కదా!

నిదానం: నాలుగా? ఆ ముక్క మొదటే చెప్పకూడదా? అది నేపాల్ బాఘ్‌చాల్. 25 బిందువులు, 20 మేకలు, అయిదు మేకలు పోతే ఆట పులులది. తొలి మేకను అంచు నడిమి బిందువులో పెట్టండి. అక్కడ దాన్ని అంచు గీత వెంబడి తప్ప ఇంకెటు నుంచీ కొట్టలేరు. పులి మూల నుంచి కదిలి దాని పక్కన చేరితే, రెండో మేకను అవతలి పక్కన పెట్టండి. దూకి దిగే చోటు మూసుకుపోతుంది. ఇంతకీ మేకలన్నీ పెట్టకముందే జరుపుతున్నారా?

సందేహి: పులి దగ్గరికొస్తే పక్కకు తప్పించాలి కదా?

పొడిమాట: 20 పెట్టేదాకా ఒక్కటీ కదలకూడదు.

పాతబండ: బాఘ్ అన్నా పులే. అంటే ఇదీ పులిజూదమే.

నిదానం: కాదండీ. పటం వేరు, లెక్క వేరు. పులిజూదం సలహా ఇచ్చే కదా ఇందాక ఆయన్ను తికమక పెట్టారు?

పాతబండ: సలహా ఇచ్చింది నేను కాదు. నేను చెప్పింది పేరు.

సందేహి: మళ్లీ ఓడాను. కానీ అయిదో మేక పోయేసరికి రెండు పులులు కదలలేక ఇరుక్కున్నాయి. సరే, థాంక్స్.

పాతబండ: పటం అనడం కూడా సరికాదేమో, కొందరు గడి అంటారు.