సంగం రేడియో 90.4: విన్నవాళ్లు, వెళ్లి చూసినవాళ్లు చెప్పండి

కొత్తచెలక:
మా మండలంలో మహిళా సమాఖ్య వాళ్లు సొంతంగా ఎఫ్‌ఎం పెడదామని పట్టుబట్టారు. ఎవరినడిగినా మాచ్‌నూర్ వెళ్లి సంగం రేడియో చూడమంటున్నారు. జహీరాబాద్ దగ్గర ఝరాసంగం మండలం, 2008లో మొదలైంది, దళిత మహిళలే నడుపుతారు... ఇంతవరకే నాకు దొరికింది. అసలు కథ తెలిసినవాళ్లు రాయండి. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం. రోజూ ఏం వేస్తారు, ఎవరు వింటారు?

బీదర్_రోడ్డు:
మాది ఆ పక్కనే. 2008 అక్టోబర్ 15 అనేది ప్రసారం మొదలైన రోజు. రేడియో అంతకు పదేళ్ల ముందు నుంచే ఉంది. 1990ల చివర్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ (మా దగ్గర డీడీఎస్ అంటేనే తెలుస్తుంది) యునెస్కో సాయంతో అక్కడ ఏర్పాట్లు చేసింది. మైకులున్నాయి, రికార్డర్లున్నాయి, మాట్లాడే ఆడవాళ్లకు కొదవ లేదు. లేనిదల్లా లైసెన్స్.

అందుకని క్యాసెట్లు చేసి సంగం (ఊరి మహిళల సంఘం) మీటింగుల్లో టేప్‌రికార్డర్‌లో వినిపించేవాళ్లు. మా చిన్నమ్మ సంగంలో ఉండేది, ఆమె వెంట నేనూ పోయేవాణ్ణి. పొలం పనులయ్యి, అన్నాలు తిన్నాక మొదలయ్యేది. జొన్న విత్తనం దాచే పద్ధతి ఎవరో చెబుతుంటే మధ్యలో ఒకామె టేపు ఆపేసి, "గట్ల కాదు, బూడిదె కలిపి పైన యాపాకు ఎయ్యాలె" అని మొదలుపెట్టేది. ఇంకొకామె అడ్డుపడేది. ఆ రాత్రికి క్యాసెట్ పూర్తయ్యేది కాదు! నన్నడిగితే రేడియో అక్కడే మొదలైంది. టవర్ తర్వాత వచ్చింది.

పాతరేడియో:
లైసెన్స్ ఎందుకు లేదో నేను చెబుతా. 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో (మ్యాచ్‌ల టీవీ ప్రసారం మీద గొడవ) సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. అయినా ప్రభుత్వం తలుపు సందు మాత్రమే తెరిచింది. 2002 చివర్లో ముందు విద్యాసంస్థలకు ఇచ్చారు. 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ ఎఫ్‌ఎం వచ్చింది అలాగే. స్వచ్ఛంద సంస్థలకు దారి దొరికింది 2006 నవంబర్‌లో.

మాచ్‌నూర్ స్టేషన్ ప్రారంభించిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? జస్టిస్ పి.బి. సావంత్. ఆ 1995 తీర్పు ఇచ్చిన జడ్జీల్లో ఒకరు. తీర్పు కాగితం మీద నుంచి ఎఫ్‌ఎం దాకా రావడానికి పదమూడేళ్లు పట్టింది.

ఓర్వకల్లు_బిడ్డ:
అందరూ మాచ్‌నూరే మొదటిది అంటుంటే మాకు కాస్త చురుక్కుమంటుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లోనే పొదుపు సంఘాల మహిళలు 'మన రేడియో' నడిపారు. చిన్న ట్రాన్స్‌మిటర్, ఊరు దాటితే వినపడదు. 2003లో అధికారులొచ్చి సామాన్లు పట్టుకెళ్లారు. కారణం అనుమతి లేదని, చట్టమేమో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం! కాబట్టి స్వచ్ఛంద సంస్థల్లో లైసెన్స్ ఉన్న మొదటిది అనండి, ఒప్పుకుంటాం.

పాతరేడియో:
@ఓర్వకల్లు_బిడ్డ న్యాయమే. కోలారు జిల్లా బూదికోటలో 'నమ్మ ధ్వని' వాళ్లు ఇంకో దారి పట్టారు. గాలిలోకి పంపితే తప్పు కదా అని కేబుల్ తీగల మీద ఇళ్లకు పంపారు.

సోల్డరింగ్_మామ:
కొత్తచెలక గారూ, టెక్నికల్‌గా రెండు ముక్కలు. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే పవర్ మామూలుగా 100 వాట్లు (ఈఆర్‌పీ, అంటే యాంటెనా నుంచి వెలువడే పవర్ లెక్క), టవర్ 30 మీటర్ల లోపు. ఎఫ్‌ఎం గుట్ట ఎక్కి దిగదు. మీ ఊళ్లో స్థలం చూసేటప్పుడు భవనం ఎంత బాగుందో చూడకండి, ఎత్తు చూడండి. మాచ్‌నూర్‌ది ఎత్తైన మెట్ట నేల, అది వాళ్లకు కలిసొచ్చింది. పాతిక కిలోమీటర్ల దాకా అందుతుందంటారు. ఇంకోటి, 90.4 దేశంలో చాలా స్టేషన్లకు ఇచ్చారు. గచ్చిబౌలిలో అదే నంబర్ తిప్పితే హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ల 'బోల్ హైదరాబాద్' పలుకుతుంది.

రీల్స్_రాజా:
ఏమనుకోకండి, ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారండీ? అందరి చేతుల్లో ఫోన్లున్నాయి.

బీదర్_రోడ్డు:
కుర్రాళ్లు పెద్దగా వినరు, నిజమే. మొదట్లో ప్రసారం సాయంత్రం పూట రెండు గంటలసేపే ఉండేది. ఆ టైంలో టీవీలో సీరియళ్లు కూడా ఉంటాయి. అయినా వంట చేస్తూ వినేవాళ్లు ఉన్నారు. ఎందుకంటే అందులో మాట్లాడేది యాంకర్ తెలుగు కాదు, మా మాట. నడిపేది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. పేర్లు ఒకటే కాబట్టి ముందు ఆ గుర్తులు. కొర్రలు, సామలు, తైదలు (రాగులు), పశువుల రోగాలు, బతుకమ్మ పాటలు... పాడేది పక్కూరి ఆమే. "మా వదిన పాడుతుంది" అని సౌండ్ పెంచుతారు. నీ రీల్స్‌లో నీ వదిన వస్తుందా?

రీల్స్_రాజా:
వస్తుంది బ్రో, రోజూ వస్తుంది 😄 సరే, పాయింట్ అర్థమైంది.

పాతరేడియో:
కొత్తచెలక గారికి జాగ్రత్తలు. సొంతంగా వార్తలు చదవకూడదు. ఇది చాలామందికి చివర్లో తెలిసి నీరుగారిపోతారు. వేసిన ప్రోగ్రాములు మూడు నెలలు దాచాలి. స్పెక్ట్రమ్ ఫీజు ఏడాదికి 19,700 ఉండేది, 2012లో 91,000 చేశారు. దేశంలోని చిన్న స్టేషన్లన్నీ గొడవ చేస్తే మళ్లీ తగ్గించారు. దరఖాస్తు పెట్టే సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు నిండాలి.

కొత్తచెలక:
మూడేళ్లు దాటింది, ఆ టెన్షన్ లేదు. వార్తల సంగతే మావాళ్లకు ఎలా చెప్పాలో... సర్పంచ్‌ని ఉతికి ఆరేద్దామని ఇద్దరు ముగ్గురు ఆశగా ఉన్నారు.

బీదర్_రోడ్డు:
😂 లైసెన్స్ వచ్చేలోపు ఫోన్లో రికార్డు చేసి మీటింగుల్లో వినిపించండి. ఎవరు మాట్లాడగలరో, ఎవరు రెండు రోజులకే మానేస్తారో అప్పుడే తేలిపోతుంది. సంక్రాంతికి డీడీఎస్ వాళ్ల పాత పంటల జాతర మొదలవుతుంది, ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. అప్పుడు మీ వాళ్లను తీసుకురండి. ముందురోజు ఇక్కడ మెసేజ్ పెట్టండి, జహీరాబాద్ బస్టాండ్‌కి నేనొస్తా.