చర్చ: గొప్ప ఆవిష్కరణకు మూలం పూర్వుల కృషా, సొంత ఆలోచనా?

మూసీగట్టు:
మొన్న ఆదివారం మనవడిని వెంటబెట్టుకుని, బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరుతో ఉన్న పాత భవనం చూపించడానికి వెళ్లాను. అంతా విన్నాక వాడు "దోమలో మలేరియా క్రిమి ఉందని ఈయనొక్కడే కనిపెట్టాడా తాతయ్యా?" అని అడిగాడు. ఒక్కడే కాదని వివరించేసరికి ఇల్లు చేరాం. అదే మాటను ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

1897 ఆగస్టు 20న రాస్ ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణాలను, వాటిలో నల్లని రేణువులను చూశారు. ఆ రేణువులే అసలు ఆనవాలు. అంతకు 17 ఏళ్ల ముందు, 1880లో, అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు జ్వరపీడితుల నెత్తురులో అటువంటి రేణువులున్న క్రిమిని చూసి ఉండకపోతే, రాస్ కంటికి అవి ఉత్త మట్టి. నిజానికి లావెరాన్ మాటను రాస్ మొదట్లో నమ్మనే లేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించాకే నమ్మారు. దోమను అనుమానించమని చెప్పినదీ మాన్సనే. బోదకాలు క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లోనే చైనాలో గమనించినవారు ఆయన. కనుక గొప్ప ఆవిష్కరణ అనేది పూర్వులు కట్టిన మెట్ల మీద చివరి మెట్టే తప్ప, ఎవరి బుర్రలోనో ఒంటరిగా మొలిచినది కాదని నా అభిప్రాయం.

లేత్ మిషను:
మూసీగట్టు గారూ, మాన్సన్ మాటతో పాటు మాన్సన్ పొరపాటు కూడా రాస్‌కు వారసత్వంగా వచ్చిందని మీరు మనవడికి చెప్పలేదనుకుంటాను. దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం సోకుతుందనీ మాన్సన్ ఊహ. దాన్ని పట్టుకుని రాస్ సికింద్రాబాదులో మనుషుల చేత దోమల నీళ్లు తాగించి చూశారు, దొరికిన దోమనల్లా కోసి చూశారు. మచ్చల రెక్కలున్న దోమను వేరుచేసి దాని మీద దృష్టి పెట్టాకే పని జరిగింది. ఆ దోమనే కోయమని ఏ పెద్దమనిషీ ఆయనకు ముందుగా చెప్పలేదు. రైట్ సోదరుల సంగతీ ఇంతే. అంతకుముందువారి లెక్కలతో కట్టిన గ్లైడరు అనుకున్నంత పైకి లేవకపోతే, 1901లో తామే గాలి సొరంగం, అంటే రెక్కల మీదికి గాలి వీయించి చూసే పెట్టె, కట్టుకుని సుమారు 200 రెక్క నమూనాలను పరీక్షించుకున్నారు. పూర్వుల పట్టికలను పక్కన పెట్టగలగడమే అక్కడ అసలు పని.

ఇరానీ చాయ్:
పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఆగస్టు ఉక్కలో గాలి లేకుండా కూర్చున్నారట రాస్. ఆ ఓపిక మాత్రం ఆయన సొంతమేనని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి.

లేత్ మిషను:
దూరపు ఉదాహరణలు ఎందుకు? ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారినే తీసుకోండి. పోచంపల్లి చీరకు రంగుల కట్లు వేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో పాతిన మేకులకూ ఎదురుగా ఉన్న మేకుకూ మధ్య దారాన్ని చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదులుతుంది. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో ఇక తన వల్ల కాదన్నప్పుడు, బడి మధ్యలో మానేసిన ఆ కుర్రవాడు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏ లావెరాన్ ఆయనకు దారి చూపించాడో సెలవివ్వండి.

మూసీగట్టు:
మీ ఉదాహరణే నా పక్షాన నిలుస్తోంది. చివరి భాగపు కదలిక కుదరక ఆగిపోయిన మల్లేశం గారు, బాలానగర్‌లో పనికి వచ్చినప్పుడు అక్కడ నడుస్తున్న ఒక యంత్రాన్ని చూసి, తనకు కావలసిన కదలిక అదేనని గుర్తించారు. ఆ యంత్రం మరొకరి కృషి. మోటారు, గేరు, స్క్రూ అన్నీ మరొకరివే.

లేత్ మిషను:
బాలానగర్‌లో 26 ఏళ్లు లేత్ మీద నిలబడినవాణ్ణి కనుక ఇది నేను చెప్పవలసిన మాట. అటువంటి కదలికలున్న యంత్రాల పక్కన రోజూ మాబోటివాళ్లం వందల మందిమి టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం. మాలో ఎవరికీ ఆసు గుర్తుకు రాలేదు. ఏడేళ్లుగా ఒకే చిక్కును తలలో మోస్తున్నవాడికి ఆ యంత్రం ఒక జవాబుగా కనిపించింది. మాకు అది ఉత్త చప్పుడు.

మూసీగట్టు:
చూపు ఆయనదే, కాదనను. చూసిన వస్తువు మాత్రం అక్కడ ఉంది కదా? అది లేనిదే పని ముగిసేది కాదు.

లేత్ మిషను:
ఉన్నంత మాత్రాన ముగిసేదా?

సీతాఫల్‌మండి:
మీ ఇద్దరి మధ్యలో హుస్సేన్ ఖాన్‌ను మరిచిపోయారు. రాస్ దోమలకు తన ఒంటి నెత్తురు తాగనిచ్చిన రోగి ఆయనే, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. ఆ దోమల్లోనే క్రిమి దొరికింది. ఆయన పూర్వుల కృషి ఖాతాలోకి వస్తారా, సొంత ఆలోచన ఖాతాలోకా?

మూసీగట్టు:
రోగి సహకారం వేరు, శాస్త్ర వారసత్వం వేరు. దయచేసి కలగాపులగం చేయకండి. నా వాదనకు అన్నిటికన్నా గట్టి రుజువు వేరొకటి ఉంది. 1876 ఫిబ్రవరి 14న టెలిఫోను కోసం గ్రాహం బెల్, ఎలిషా గ్రే ఇద్దరి కాగితాలూ ఒకే రోజున ఒకే పేటెంటు కార్యాలయానికి చేరాయి. డార్విన్ ఇరవై ఏళ్లుగా దాచుకున్న జీవపరిణామ సిద్ధాంతాన్నే వాలెస్ ఎక్కడో దీవుల్లో జ్వరంతో పడుకుని ఆలోచించి, 1858లో ఆయనకే ఉత్తరం రాశారు. కాలం పండినప్పుడు కాయ ఎవరో ఒకరి చేతిలో పడుతుంది. బెల్ లేకపోతే గ్రే. మల్లేశం గారు కాకపోతే ఇంకొకరు. ఉన్నదాన్ని తెచ్చి మరోచోట అమర్చడం తెలివే కానీ సృష్టి కాదు.

లేత్ మిషను:
ఆ చివరి వాక్యం నేను ఇంతకుముందు విన్నాను, అక్షరం పొల్లు పోకుండా విన్నాను. అందుకే ఇక్కడ కొంత కటువుగా రాస్తున్నాను.

నేను పనిచేసిన ఒక కార్ఖానాలో ఒక విడిభాగానికి రంధ్రాలు వేసేటప్పుడు దాన్ని కదలకుండా పట్టి ఉంచే జిగ్గు ఉండేది. ప్రతి ముక్కనూ నాలుగు బోల్టులు బిగించి కూర్చోబెట్టాలి, వేశాక నాలుగూ విప్పాలి. ముక్కకు ఆరు నిమిషాలు బోల్టులకే పోయేవి. నేను సెలవురోజుల్లో స్టీలు ముక్కలు ఆకురాయితో అరగదీసి ఒక వెడ్జి, అంటే ఒక కొస పలచగా ఉండే వాలు చీల, తయారుచేశాను. పక్కనుంచి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే ముక్క కదలకుండా కూర్చునేది, వెనకనుంచి ఇంకో దెబ్బ కొడితే ఊడివచ్చేది. అర నిమిషంలో పని అయ్యేది. మంచి సూచనకు బహుమానం ఇస్తామని గోడ మీద నోటీసు ఉండేది కనుక రాసి ఇచ్చాను. మా ఇంజినీరు గారు చదివి, "గొడ్డలి కామలో మా తాత దిగ్గొట్టిన చెక్కముక్క ఇదే. ఉన్నదాన్ని తెచ్చి మరోచోట అమర్చావు, ఇందులో నీ సృష్టి ఏముంది?" అని కాగితం వెనక్కి ఇచ్చారు. రెండు నెలల తరువాత అదే జిగ్గు ఆయన పేరుతో, కొత్త ఆలోచన అన్న ముద్రతో పై ఆఫీసుకు వెళ్లింది. నా చేతిలో ఉన్నంతసేపు తాతలది, ఆయన చేతిలోకి వెళ్లగానే కొత్తది.

అందుకని మీరు 'పూర్వుల కృషి' అన్నప్పుడల్లా నాకు వినిపించేది 'ఇందులో నీ వాటా ఏముంది' అన్న మాటే. పెద్దల రుణం గురించి ఉపన్యాసం ఎప్పుడూ కింద ఉన్నవాడికే చెబుతారు.

ఇరానీ చాయ్:
ఇప్పుడు తెలిసింది, గొడవ దోమ గురించి కాదని.

గ్రంథాలయం మెట్లు:
అన్నయ్య గారి కాగితాన్ని ఆ ఇంజినీరు తప్పు కొలతతో కొలిచారు. మన పేటెంటు చట్టంలో పాత సూత్రం వాడావా అన్నది ప్రశ్న కాదు. ఆ పనిలో నేర్పున్న మనిషికి అది ఇట్టే తట్టేదా కాదా అన్నది చూస్తారు. మీ కార్ఖానాలో నేర్పున్నవారంతా అన్నేళ్లు బోల్టులే బిగించారంటే అది తట్టలేదనే కదా? ఔషధాల పరిశోధనలో ఉన్నదాన్ని కనుక మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఒకటి చెబుతాను. 1930ల మొదట్లో బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ చేసిన పరిశోధన నుంచి ఫోలిక్ ఆమ్లం అనే పోషకం దాకా ఒక గొలుసు ఉంది. సుబ్బారావు గారి బృందం దాన్ని 1940లలో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసింది. అక్కడిదాకా మూసీగట్టు గారు గెలిచినట్టే. ఆ తరువాత అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. దానితో 1947 చివరలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్త క్యాన్సరు) ఉన్న పిల్లలకు చికిత్స మొదలుపెట్టారు. పోషకాన్ని ఇవ్వడం గతం నేర్పింది. దాన్ని అడ్డుకోవాలన్న తలకిందులు ఆలోచన ఆ గొలుసులో ముందే లేదు.

మూసీగట్టు:
లేత్ మిషను గారూ, మీకు జరిగింది అన్యాయం. ఆ వాక్యం నా నోటినుంచి మళ్లీ విన్నందుకు క్షమించండి. అయితే నేను దాన్ని ఏ వైపు నుంచి అన్నానో కూడా చెప్పుకోనివ్వండి. 34 ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను. ఇంటికి పిలిచి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టి లెక్కలు చేయించిన ఒక విద్యార్థి ఈ మధ్య ఒక పెద్ద బహుమతి అందుకుంటూ, తాను ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదనీ, అంతా సొంత ఆలోచనేననీ సభలో చెప్పాడు. నేను మూడో వరుసలో కూర్చుని విన్నాను. మీకు 'పూర్వులు' అన్న మాట ఎలా వినిపిస్తోందో, నాకు 'సొంత ఆలోచన' అన్న మాట అలా వినిపిస్తోంది.

ఇంతకూ ఆ వెడ్జి వాలు ఎంత పెట్టారు?

లేత్ మిషను:
ఏడు డిగ్రీలు. మొదట పన్నెండు పెట్టాను. పొడిగా ఉన్నప్పుడు ఆగింది, నూనె తగిలాక వెనక్కి జారింది. మూడు డిగ్రీలది బిగుసుకుపోయి, ఊడదీయడానికి నాలుగైదు దెబ్బలు పట్టాయి. నాలుగు ముక్కలు అరగదీశాక ఏడు దగ్గర కుదిరింది.

మూసీగట్టు:
నూనె తగిలిన ఉక్కుకు ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే ఘర్షణ కోణం, అంటే ఒక ముఖం జారకుండా ఆగగల వాలు, 5.7 డిగ్రీలు. వెడ్జికి రెండు ముఖాలు కనుక 11.4. మీ పన్నెండు జారక తప్పదు, ఏడు ఆగక తప్పదు. మీ ఇంజినీరు తాతగారి చెక్కముక్కకు ఈ చిక్కు లేదు, చెక్క మీద చెక్క అంత తేలిగ్గా జారదు. ఆ ఏడు డిగ్రీలు మీవే, ఒప్పుకుంటున్నాను. అయితే ఘర్షణ సూత్రం అమాంటన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1699లోనే చెప్పాడని గుర్తుచేయకుండా ఉండలేను.

లేత్ మిషను:
మాస్టారూ, ఆయన పేరు నేను వినడం ఇదే మొదటిసారి. నాకు తెలియని మనిషి నాకు ఎలా సాయం చేశాడు?

మూసీగట్టు:
మీ చేతిలోని ఆకురాయి, కోణమానిని ఎక్కడినుంచి వచ్చాయి?

లేత్ మిషను:
కోణమానిని నా కూతురి పెట్టెలోది. రేపు ఆ వెడ్జి ఫొటో పెడతాను, నాలుగింటిలో ఒకటి ఇంకా ఇంట్లో ఉంది, పన్నెండు డిగ్రీలది.