ఈయూ (యూరోపియన్ యూనియన్)లో చేరితే సొంత పార్లమెంటుకు విలువ తగ్గుతుందా?

ప్రశ్న (ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, తిరుపతి): మా నాన్న చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. యూరప్‌కు వెళ్ళే డ్రమ్ముల్లో పురుగుమందు ఎంతవరకు ఉండొచ్చో ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్ చెప్పిందే లెక్క. జర్మనీ పార్లమెంటుకైనా దాన్ని మార్చే వీల్లేదట. మరి అక్కడి ఓటరు ఎవర్ని నిలదీయాలి?

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు: కష్టమేనమ్మా. మంత్రులు బ్రస్సెల్స్‌లో తలూపి వచ్చి, ఇంటి దగ్గర 'వాళ్ళే రుద్దారు' అంటారు. డెన్మార్క్‌లో ఆ పప్పులు ఉడకవు. మంత్రి ముందుగా పార్లమెంటు యూరప్ కమిటీకి తన వైఖరి చెప్పాలి, మెజారిటీ వద్దంటే మార్చుకోవాలి. ఇక ఈయూలోని అన్ని దేశాల పార్లమెంట్లకూ 2009లో లిస్బన్ ఒప్పందం 'ఎల్లో కార్డు' ఇచ్చింది. 8 వారాల్లో పార్లమెంట్ల ఓట్లలో మూడో వంతు అభ్యంతరం చెబితే, ఈయూ చట్టాలను ప్రతిపాదించే కమిషన్ తన ప్రతిపాదనను మళ్ళీ చూడాలి. 2012లో సమ్మె హక్కు మీద తెచ్చినదాన్ని కార్డు పడ్డాక వెనక్కి తీసుకుంది. 2013, 2016లో మాత్రం కార్డు పడినా వినలేదు. నన్నడిగితే అది సగం కోరల పామే.

ఇంకొకరు, తిరుపతి: గ్రీస్ సంగతేంటి సార్? 2015 జులై 5న రెఫరెండంలో 61 శాతం మంది అప్పిచ్చేవాళ్ళ షరతులు వద్దన్నారు. పది రోజులు తిరక్కుండానే ప్రభుత్వం అలాంటి షరతులకే ఒప్పుకుంది.

రిటైర్డ్ లెక్చరర్: అది ఉమ్మడి కరెన్సీ యూరోతో వచ్చిన మెలిక. అప్పటికే బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. నోట్లు ముద్రించే అధికారం గ్రీస్ చేతిలో లేదు కదా.