తెలుగు సినిమా పుట్టినరోజు సెప్టెంబర్ 15నా, ఫిబ్రవరి 6నా?

రీలు డబ్బా:
ప్రతి ఏటా సెప్టెంబర్ 15 రాగానే వాట్సాప్ గ్రూపుల్లో అదే పోస్టు తిరుగుతుంది, 1931లో ఇదే రోజున మన మొదటి టాకీ, అంటే మాటలున్న సినిమా, 'భక్త ప్రహ్లాద' విడుదలైంది, అందరికీ శుభాకాంక్షలు అని. ఆ తేదీ తప్పని జర్నలిస్టు రెంటాల జయదేవ గారు పాత రికార్డులు వెతికి బయటపెట్టి చాలా ఏళ్లయింది. బొంబాయి సెన్సార్ వాళ్లు ఆ సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా థియేటర్లో బొమ్మ పడింది ఫిబ్రవరి 6న. సెన్సారే కాని సినిమా నాలుగు నెలల ముందు హాల్లో ఎలా ఆడిందో ఎవరైనా చెప్పండి. వందేళ్ల పండగ దగ్గరకొచ్చేసింది, ఇప్పుడైనా తేల్చుకోవాలి. నా మాట ఫిబ్రవరి 6.

బెజవాడ బాల్కనీ:
అన్నా, రికార్డు సంగతి కాదనను. కానీ మా నాన్న పుట్టింది శ్రావణంలో, ఊరంతా వానలో తడుస్తుంటే అని మా నానమ్మ చెప్పేది. బళ్లో వేసేటప్పుడు మాస్టారు జూలై 1 అని రాశారు. అరవై ఏళ్లు మా ఇంట్లో ఆ రోజే పాయసం వండారు, ఆయన పుట్టలేదని అర్థమా? ఆయనకో పొడుగాటి నోటు పుస్తకం ఉండేది, చూసిన ప్రతి సినిమా పేరు, హాలు పేరు, టికెట్ ధర అందులో రాసుకునేవారు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో 'తొలి తెలుగు టాకీ, 15-9-1931' అని ఉంటుంది. ఆ తరం మొత్తం ఆ తేదీనే నమ్మింది. పండగంటే నలుగురూ తలుచుకోవడమే కదా, పాత తేదీ ఉంటే నష్టమేంటి?

రీలు డబ్బా:
నాన్నగారి జూలై 1తో ఎవరికీ నష్టం లేదండీ. ఇక్కడ ఉంది. సెప్టెంబర్ తేదీ నిజమనుకుంటే మనం తమిళం కంటే 46 రోజులు ముందున్నట్టు, ఎందుకంటే తొలి తమిళ టాకీ 'కాళిదాస్' మద్రాసు కినిమా సెంట్రల్లో పడింది 1931 అక్టోబర్ 31న. జరగని విడుదల పేరు చెప్పుకుని పక్కవాళ్లకంటే ముందున్నామని ఛాతీ విరుచుకోవడం నాకు అస్సలు నచ్చదు.

నేల టికెట్:
అసలు పీటముడి అక్కడే ఉంది, ఎవరూ పైకి అనరు గానీ. ఫిబ్రవరి 6 ఒప్పుకుంటే తెరమీద తెలుగు మొదట వినిపించింది 'కాళిదాస్'లో అని కూడా ఒప్పుకోవాలి. అందులో హీరోయిన్ రాజలక్ష్మి తమిళం మాట్లాడితే హీరో తెలుగులో మాట్లాడాడు, త్యాగరాజ కీర్తనలూ పాడారు. చాలామంది పాత తేదీని వదలకపోవడానికి కారణం ఈ భయమే. నాకు మాత్రం ఇందులో చిన్నతనమేమీ కనిపించదు. రెండింటికీ డైరెక్టర్ మన హెచ్.ఎం. రెడ్డే. తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటిలోనూ మన ఎల్.వి. ప్రసాద్ వేషాలు వేశారు. అటూఇటూగా అదే జట్టు, నెలల తేడాలో మూడు భాషలకు మాటలు నేర్పింది. మొదటి నుంచి చివరిదాకా తెలుగే మాట్లాడిన సినిమా 'భక్త ప్రహ్లాద'. ఏ తేదీ వేసుకున్నా ఆ మాట మారదు.

ఖమ్మం మెట్టు:
దానికి ఒకటి కలుపుతాను. ప్రహ్లాదకు పాటలు రాసిన చందాల కేశవదాసు గారు మా ఖమ్మం జిల్లా జక్కేపల్లి మనిషి. తేదీ మారితే ఆయన మొదటి స్థానం కూడా పోతుందేమోనని మా వైపు కొందరికి టెన్షన్. పోదు. కాళిదాస్‌లో పాడింది త్యాగయ్య కీర్తనలు, అవి సినిమా కోసం రాసినవి కావు కదా. 'పరితాపంబు భరియింప తరమా' సురభి కమలాబాయి నోట తెరమీదకు వచ్చింది ప్రహ్లాదలోనే, కాబట్టి తెలుగు సినిమాకు పాట రాసిన మొదటివాడు ఆయనే. ఆ సినిమా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. కమలాబాయి లీలావతిగా ఎలా ఉందో, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడిగా ఎలా గర్జించాడో చూసే దారే లేదు. బొమ్మను ఎలాగూ పోగొట్టుకున్నాం, కనీసం తేదీనైనా సరిగ్గా ఉంచుకుందాం.

మూకీ మనిషి:
మీరంతా టాకీ దగ్గరే ఆగిపోయారు. భారతీయ సినిమా వందేళ్ల పండగ 2013లో చేశారంటే 1913 మే 3న విడుదలైన 'రాజా హరిశ్చంద్ర'ను బట్టే, అది మూకీ, మాటల్లేని సినిమా. అక్కడ మూకీని లెక్కేసి ఇక్కడ టాకీతో మొదలుపెడతారా? రఘుపతి వెంకయ్య నాయుడు గారూ, వాళ్లబ్బాయి ప్రకాశ్ గారూ మన టాకీకి పదేళ్ల ముందే మద్రాసులో స్టూడియో పెట్టి 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఆయన్ని పితామహుడంటాం, ఆయన పేరు మీద అవార్డు ఇస్తాం, పుట్టినరోజు మాత్రం ఆయన తర్వాత ఎప్పుడో వచ్చిన సినిమాకు చేస్తాం.

నేల టికెట్:
మీ బాధ న్యాయమైనదే. కానీ మూకీకి భాష ఎక్కడిదండీ, మధ్యలో అట్ట మీద అక్షరాలు మార్చుకుంటే ఎక్కడైనా ఆడేది. తెలుగు సినిమా అంటున్నామంటే తెలుగు వినపడాలి. వెంకయ్య గారికి వేరే రోజు పెట్టి ఘనంగా చేద్దాం, నేను ముందుంటాను.

రీలు డబ్బా:
బెజవాడ అన్నకు ఇంకో మాట. 75 ఏళ్ల వజ్రోత్సవం హైదరాబాద్‌లో చేసింది 2007 జనవరిలో. పరిశ్రమే ఆరోజు సెప్టెంబర్ 15ను పట్టుకుని కూర్చోలేదు. మనమెందుకు కూర్చోవాలి?

బెజవాడ బాల్కనీ:
రాత్రి మా నాన్న నోటు పుస్తకం మళ్లీ తీశాను. ఆ ఎర్ర సిరా గీతను కొట్టేయడానికి నాకు చేయి రాదు, ఆయన చేతిరాత అది. కానీ సెన్సార్ సర్టిఫికెట్ తేదీకి నా దగ్గర సమాధానం లేదు, ఉన్నమాట ఒప్పుకుంటున్నాను. దాని కింద నల్ల సిరాతో 6-2-1932 అని రాశాను. వచ్చే సెప్టెంబర్ 15న మా గ్రూపులో ఆ పోస్టు వస్తే ఈ పేజీ ఫొటో పెడతాను, రెండు తేదీలూ కనపడేలా.

నేల టికెట్:
చాలా మంచి పని చేశారన్నా. క్యాలెండర్ లెక్క వేసి చూశాను, 2032 ఫిబ్రవరి 6 శుక్రవారం పడింది. కొత్త బొమ్మ పడే రోజే.