ఫ్రెంచ్ డిఫెన్స్‌లో రెండో బంటు కూడా తినొచ్చా?

మొన్న ఆదివారం విజయవాడలో ఒక రేటెడ్ చెస్ టోర్నమెంట్ ఆడాను, నాలుగో రౌండ్‌లో నల్ల పావులతో 24 ఎత్తుల్లోనే ఓడిపోయాను, తప్పెక్కడో ఇంకా అంతుపట్టట్లేదు. ఓపెనింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్ (ఈ4కి జవాబుగా నల్లవాళ్లు ఈ6 ఆడేది), అందులో తెల్లవాళ్లు బంటును ఈ5కి తోసే అడ్వాన్స్ వేరియేషన్. ఎత్తులు (ఈ4, సీ6 లాంటివి గళ్ల పేర్లు): ఈ4 ఈ6, డీ4 డీ5, ఈ5 సీ5, సీ3, తర్వాత నా గుర్రం సీ6కి, అతని గుర్రం ఎఫ్3కి, నా క్వీన్ బీ6కి. అవతలి పిల్లాడు (పన్నెండేళ్లుంటాయేమో) బిషప్‌ని డీ3లో పెట్టాడు. బంట్లు మార్చుకున్నాక వెంటనే డీ4 బంటు తింటే బిషప్ బీ5 చెక్‌తో నా క్వీన్ పోతుందని తెలుసు, అందుకే ముందు బిషప్ డీ7 ఆడాను. వాడు తాపీగా కాజిల్ చేసుకున్నాడు (రాజును రూక్ పక్కన భద్రంగా దాచుకున్నాడు)! సరే, డీ4 తిన్నాను, గుర్రాలు మారాయి, వాడి రెండో గుర్రం సీ3కి వచ్చింది. దీన్ని మిల్నర్-బ్యారీ గాంబిట్ (బంటును ఎరగా వేసే ఓపెనింగ్) అంటారని ఆట అయ్యాకే తెలిసింది.

ఇక్కడే ఆశపడి క్వీన్‌తో ఈ5 బంటు కూడా తినేశాను. రూక్ ఈ1, క్వీన్ డీ6, గుర్రం బీ5, క్వీన్ బీ8. నా క్వీన్ మూలకి చేరింది, రాజు ఈ8లోనే ఉన్నాడు. వాడి క్వీన్ ఎఫ్3 మీదుగా వచ్చి డీ5 బంటు తింటే, నా ఈ6 బంటు పిన్‌లో ఉండి (అది కదిలితే నా రాజుకి చెక్) చూస్తూ కూర్చున్నాను. టెన్షన్‌లో ఆ తర్వాత ఏం ఆడానో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఈ5 తినకుండా ఏ6 ఆడి, బీ5కి గుర్రం రాకుండా ఆపితే చాలా? ఆ తర్వాత జీ8 గుర్రాన్ని ఈ7 మీదుగా సీ6కి తేవాలా, లేక ఇంకేదైనా ప్లాన్ ఉందా? చెస్ ఇంజిన్ (కంప్యూటర్ ప్రోగ్రామ్) లెక్కలు వద్దు, అవి నా 1500 రేటింగ్ బుర్రకి ఎక్కవు. ఈ పొజిషన్ నిజంగా ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చే నెలలో ఇంకో టోర్నమెంట్ ఉంది.