15 వేలలో స్టీరింగ్ వీల్: పీఎక్స్‌ఎన్ వీ9 తీసుకోవాలా, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్నదాని కోసం ఆగాలా?

గేర్‌బాక్స్_గోదారి:
అన్నలూ ఒక సలహా కావాలి. నేను పీసీ మీదే ఆడతా, ఎక్కువగా యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, అప్పుడప్పుడు ఫోర్జా హొరైజన్ 5, ఈ మధ్యే అసెట్టో కోర్సా (నిజం కారులా నడిచే రేసింగ్ గేమ్) మొదలుపెట్టా. ఇన్నాళ్లూ గేమ్‌ప్యాడ్‌తోనే లాగించేశా కానీ అసెట్టోలో మలుపు మధ్యలో కారు వెనక భాగం జారేది నాకు తెలిసేసరికే గోడకి గుద్దేస్తోంది. బడ్జెట్ 15 వేలు, మరీ బాగుంటే ఇంకో రెండు మూడు వేలు సర్దుతా. పీఎక్స్‌ఎన్ వీ9 చూశా, 900 డిగ్రీలు తిరుగుతుంది, గేర్ షిఫ్టర్, క్లచ్‌తో కలిపి మూడు పెడల్స్, అన్నీ ఒకే బాక్స్‌లో. థ్రస్ట్‌మాస్టర్ టీ128 అయితే రెండే పెడల్స్, షిఫ్టర్ లేదు, రేటేమో ఇంకా ఎక్కువ. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ సామాను కొనడం ఎందుకో అర్థం కావట్లా, వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

అపెక్స్_బాబాయ్:
తమ్ముడూ, నువ్వు చెప్పిన గోడ సంగతిలోనే జవాబు ఉంది. వీ9లో మోటార్ తిప్పే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ లేదు, వైబ్రేషన్ మాత్రమే, అంటే స్టీరింగ్‌ని మధ్యకి లాగేది స్ప్రింగ్ లాంటిదే, కారు నిలబడి ఉన్నా 150 స్పీడ్‌లో పోతున్నా ఆ లాగుడు ఒకటే. టీ128లో మోటార్ ఉంది, గేమ్‌లో ముందు టైర్ల మీద పడే లోడ్‌ని లెక్కేసి చేతికి అందిస్తుంది. ముందు టైర్లు పట్టు వదిలేస్తుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, వెనక భాగం జారితే స్టీరింగ్ దానంతటదే ఎదురు వైపుకి తిరగబోతుంది, నువ్వు చెయ్యాల్సిందల్లా దాన్ని పోనిచ్చి సరైన చోట పట్టుకోవడమే. స్క్రీన్ మీద కారు జారడం కనిపించేలోపే చేతికి తెలిసిపోతుంది. అసెట్టో ఆడేవాడికి ఇది లేకపోతే సగం గేమ్ లేనట్టే. షిఫ్టర్ తర్వాతైనా విడిగా కొనుక్కోవచ్చు, మోటార్‌ని తర్వాత తెచ్చి అతికించలేం కదా.

ఇంకోటి, టీ128 పెడల్స్ మాగ్నెటిక్ సెన్సార్‌వి, అంటే ఎంత నొక్కావో అయస్కాంతంతో కొలుస్తుంది, లోపల ఒకదానికొకటి రాసుకునేది ఉండదు. లాజిటెక్ జీ29 లాంటి వాటిలో పొటెన్షియోమీటర్ (రాసుకుంటూ కదిలే సెన్సార్) ఉంటుంది, మన ఇళ్లల్లో దుమ్ముకి కొన్నాళ్లకి కాలు పెట్టకపోయినా బ్రేక్ కొంచెం నొక్కినట్టు చూపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే మళ్లీ బాగవుతుందనుకో, కానీ మాగ్నెటిక్‌లో ఆ తలనొప్పే ఉండదు.

హైవే_రాజా_65:
బాబాయ్ చెప్పింది అసెట్టో వరకు నిజమే కానీ అతను ఎక్కువ ఆడేది ట్రక్ గేమ్ అన్నాడు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. యూరో ట్రక్‌లో 900 డిగ్రీలు చాలా ముఖ్యం, 270 పెట్టి ఆడితే హైవే మీద లారీ పాములా పోతుంది. క్లచ్ తొక్కి గేర్ మార్చే సుఖం ప్యాడిల్స్‌తో (స్టీరింగ్ వెనక వేళ్లతో గేర్ మార్చే మీటలు) రాదు, 12 గేర్ల బండికి షిఫ్టర్ సరిపోదు కాబట్టి స్టీరింగ్ మీద ఏదో ఒక బటన్‌కి రేంజ్ పెట్టుకోవాలి, అదే కింది గేర్లనీ పై గేర్లనీ మారుస్తుంది. రోజూ లారీ తోలేవాళ్లకైతే వీ9 తక్కువదేమీ కాదు. ఫోర్జాకైతే మాత్రం స్టీరింగ్ కొంటే స్పీడ్ పెరుగుతుందని ఆశపడకు, ఆ గేమ్ గేమ్‌ప్యాడ్‌తోనే హాయిగా ఉంటుంది.

పాత_ఇనుము:
ఇద్దరూ కొత్తవే చూస్తున్నారు. పీసీ ఒక్కటే అయితే సెకండ్ హ్యాండ్‌లో జీ29 గానీ జీ920 గానీ వెతుకు బ్రో, రెండూ 2015 మోడల్సే, ఒకటి ప్లేస్టేషన్‌కి ఒకటి ఎక్స్‌బాక్స్‌కి, పీసీలో రెండూ పనిచేస్తాయి. కొత్తది నీ బడ్జెట్‌లో రాదు కానీ కాలేజీ అయిపోయి ఉద్యోగాలకి పోయే కుర్రాళ్లు అమ్ముతుంటారు. మోటార్ ఉంది, మూడు పెడల్స్ ఉన్నాయి, తోలు చుట్టిన స్టీరింగ్. లోపల గేర్లు కాబట్టి కటకటమని సౌండ్ వస్తుంది, రాత్రి పూట పక్క గదిలో పడుకున్నవాళ్లకి వినిపిస్తుంది, మధ్యలో కొంచెం లూజు కూడా ఉంటుంది.

కొనేముందు కచ్చితంగా ప్లగ్ పెట్టించి చూడు. కరెంటు, యూఎస్‌బీ రెండూ ఇవ్వగానే దానంతటదే ఇటు చివరికీ అటు చివరికీ తిరిగి మధ్యలో ఆగాలి, పక్కకి ఆగితే వద్దని చెప్పి వచ్చేయ్. అడాప్టర్ ఒరిజినలేనా చూడు. మూడు పెడల్స్ మెల్లగా నొక్కుతూ స్క్రీన్ మీద బార్ ఎగిరిపడకుండా సాఫీగా వెళ్తోందో లేదో గమనించు. జీ27 కూడా దొరకొచ్చు, దానికి షిఫ్టర్ బాక్స్‌తోనే వచ్చేది, కానీ లోపల స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ చక్రం పగిలే సమస్య ఉన్న మోడల్ అది, తిప్పి తిప్పి చూసుకుని తీసుకో.

గేర్‌బాక్స్_గోదారి:
అందరికీ థ్యాంక్స్. మోటార్ ఉన్నదే తీసుకుంటా, ముందు పాత జీ29 కోసం రెండు వారాలు చూస్తా, దొరక్కపోతే టీ128. ఇంకో డౌట్, నాది గాజు పలక ఉన్న కంప్యూటర్ టేబుల్, కింద టైల్స్, కుర్చీకి చక్రాలు. బిగించొచ్చా?

అపెక్స్_బాబాయ్:
గాజుకి మాత్రం వద్దు తమ్ముడూ! మోటార్ అటూ ఇటూ లాగుతుంటే క్లాంప్ దగ్గర పగిలే ప్రమాదం ఉంది, చేతులు అక్కడే ఉంటాయి. వడ్రంగి దగ్గర మందపాటి ప్లైవుడ్ చెక్క కోయించి గట్టి టేబుల్‌కి బిగించుకో. టైల్స్ మీద పెడల్స్ జారిపోతాయి, జీ29 కింద ఉండే పళ్లు కార్పెట్‌కే పట్టుకుంటాయి, కాబట్టి వెనక గోడకి ఆనించి పెట్టు, గోడ దూరమైతే మధ్యలో ఒక చెక్క అడ్డం పెట్టు. చక్రాల కుర్చీ బ్రేక్ గట్టిగా తొక్కగానే వెనక్కి పోతుంది, ఆడేటప్పుడు మామూలు ప్లాస్టిక్ కుర్చీ వేసుకో.

సెట్టింగ్స్‌లో రొటేషన్ 900 పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో సెంటరింగ్ స్ప్రింగ్ (స్టీరింగ్‌ని ఎప్పుడూ మధ్యకి లాగేది) ఆఫ్ చెయ్యి, లేకపోతే గేమ్ ఇచ్చే ఫీల్ మీద అదొకటి కలిసి గందరగోళం అవుతుంది. అసెట్టోలో పెడల్స్ యాప్ ఓపెన్ చేస్తే పెడల్స్ బార్ల పక్కన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కి బూడిద రంగు బార్ ఒకటి ఉంటుంది, మలుపుల్లో అది ఎర్రబడుతుంటే మోటార్ తన గరిష్ఠానికి చేరిపోయి వివరం పోతోందన్నమాట, అప్పుడు గెయిన్ (మొత్తం ఫోర్స్ ఎంత ఉండాలనే సెట్టింగ్) తగ్గించు. జీ29 దొరికితే మినిమమ్ ఫోర్స్ (మోటార్ ఇచ్చే కనీస బలం) అనే సెట్టింగ్ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో, మధ్యలో ఆ లూజు చాలావరకు తెలియకుండా పోతుంది, స్ట్రెయిట్‌లో స్టీరింగ్ వణకడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి తగ్గించు.