ఎంఆర్ఐలో కనబడే జన్యువు: మనుషులకు ఏది పనికొస్తుంది?

కావలి కుర్రోడు: ఒంట్లోకి ఎక్కించిన కణాలు బతికున్నాయా, వాటిలో పెట్టిన జన్యువు పనిచేస్తోందా అని బయటినుంచే తెలుసుకోవాలంటే గుర్తు ఒకటి కావాలి. ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ జీఎఫ్‌పీకి 2008లో నోబెల్ వచ్చింది గానీ దాని వెలుగు లోతైన అవయవాల్లోంచి బయటికి రాదు. అందుకే కణం తయారుచేసే ప్రోటీనే ఎంఆర్ఐలో కనబడాలని ఇన్నేళ్లుగా తంటాలు. నా ఓటు ఇనుమును దాచుకునే ప్రోటీన్ ఫెర్రిటిన్‌కే. 2005లోనే ఎలుకల్లో చూపించారు. కణం ఒంట్లో ఉన్న ఇనుమునే పోగేసుకుంటుంది, స్కాన్‌లో ఆ చోటు నల్లగా పడుతుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించే పనే లేదు. కాదనేవాళ్లు చెప్పండి.

దర్గామిట్ట టెక్నీషియన్: నేనంటా తమ్ముడూ. పాత రక్తస్రావమూ నలుపే, కాల్షియమూ నలుపే. సూదితో కణాలు దింపిన చోట కాస్తయినా రక్తం కారదా? ఆ మచ్చ జన్యువుదో సూదిదో రిపోర్టులో ఏమని రాస్తారు? పైగా కణం చచ్చినా ఇనుము ఎక్కడికీ పోదు, చెత్త మింగే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగి అక్కడే కూర్చుంటాయి. బతికున్నాయా అనే కదా నువ్వడిగింది!

ఒంగోలు పీజీ: ఇనుము వదిలేయండి, ఆక్వాపోరిన్-1 చూడండి. కణం పొరలో నీళ్లు పోయే దారి అది. మన ఎర్ర రక్తకణాల్లో, కిడ్నీల్లో ఉన్నదే. 2016లో కాల్టెక్ వాళ్లు దాన్నే రిపోర్టర్‌గా, అంటే గుర్తుగా వాడారు. దారులు పెరిగితే నీళ్లు తేలిగ్గా తిరుగుతాయి, నీళ్ల కదలికను చూసే డిఫ్యూజన్ స్కాన్‌లో దొరికిపోతుంది. పక్షవాతం కేసు రాగానే మీరు వేసే సీక్వెన్సే కదన్నా?

కావలి కుర్రోడు: మరి సెస్ట్? ప్రోటీన్‌లోని హైడ్రోజన్‌కి పల్స్ కొట్టి నీటి సిగ్నల్ తగ్గడం చూసే ఎంఆర్ఐ పద్ధతి. 2007లో లైసిన్ అనే అమైనో ఆమ్లం నిండిన ప్రోటీన్‌తో చేశారు. సరైన పల్స్ ఇస్తేనే కనబడుతుంది, ఈ మచ్చల గొడవే ఉండదు.

ఒంగోలు పీజీ: ఆ పల్స్ నీటి ఫ్రీక్వెన్సీకి సుమారు 3.5 పీపీఎం (పది లక్షల్లో 3.5 వంతులు) పక్కన పడాలి. 11.7 టెస్లా అయస్కాంతం ఉన్న ఎలుకల స్కానర్‌లో అది 1,740 హెర్ట్జ్ ఎడం. 1.5 టెస్లాలో సుమారు 220 మాత్రమే, పల్స్ దెబ్బ నీటి సిగ్నల్‌కీ నేరుగా తగులుతుంది. మన కణాల సొంత ప్రోటీన్లూ అక్కడే పలుకుతాయి.

దర్గామిట్ట టెక్నీషియన్: నీ ఆక్వాపోరిన్ మాత్రం తక్కువా? కీమో పనిచేసి గడ్డలో కణాలు చస్తే ఏడీసీ (నీళ్లు ఎంత తేలిగ్గా కదులుతున్నాయో డిఫ్యూజన్ స్కాన్ చెప్పే అంకె) పెరుగుతుంది, అది మాకు కొత్త కాదు. జన్యువు పనిచేసినా పెరుగుతుంది, కణం చచ్చినా పెరుగుతుంది. పేషెంట్ వాళ్లకి ఏం చెప్తావ్ నాయనా?

ఒంగోలు పీజీ: అందుకే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తేనే తెరుచుకునే స్విచ్ కింద జన్యువును పెడతారు. మందుకు ముందొక స్కాన్, తర్వాతొక స్కాన్. చచ్చిన కణం మందుకు పలకదు కదా.

ఆత్మకూరు: మనుషుల్లో చేసింది పెట్ స్కాన్‌తో కదా? 2009లో మెదడు గడ్డ ఉన్న రోగికి ఎక్కించిన టీ-కణాల్ని హెర్పిస్ వైరస్ జన్యువు గుర్తుతో పట్టుకున్నారు.

దర్గామిట్ట టెక్నీషియన్: చేశారు. కానీ దానికి వాడే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 సగం ఆయువు 110 నిమిషాలే. చెన్నైలో బయల్దేరితే నెల్లూరు చేరి ఇంజెక్షన్ ఇచ్చేసరికి పావు వంతు మిగిలితే గొప్ప. మాటిమాటికీ తీస్తే రేడియేషన్ సంగతి వేరే. ఎంఆర్ఐ అయితేనే మేలని నేనూ అంటా, స్విచ్ ఉన్న ఆక్వాపోరిన్‌కి నా ఓటు. మొదటి స్కాన్ ఒంగోల్లో, రెండోది నెల్లూర్లో తీయించుకొచ్చి, వేర్వేరు మెషీన్ల ఏడీసీ అంకెలు పోల్చి చెప్పమంటే మాత్రం నన్నడక్కండి.